కామెర్లు - ధ్వనిచిత్రం

‘కామెర్లవానికి లోకమంతా పచ్చగా కనబడుతుంది’ అన్నది మన సామెత. నిజానికి పచ్చబడేది లోకం కాదు. రోగి కన్నులు, చర్మం. ఆ పచ్చదనాన్నే రోగమని భావించి పలువురు దానికి మందు వెతుకుతారు. కామెర్లు రోగం కాదు, రోగలక్షణం. అది ఏ రోగానికి లక్షణమో తెలుసుకోవడమే చికిత్సకు తొలిమెట్టు.

రక్తంలోని ఎర్రకణాల ఆయుర్దాయం సుమారు 120 రోజులు. అవి శిథిలమైనప్పుడు బిలిరుబిన్ అనే పచ్చని పదార్థం ఏర్పడుతుంది. కాలేయం దానిని పైత్యరసంలో కలిపి, పిత్తనాళం ద్వారా చిన్నప్రేగులోనికి పంపుతుంది. ఎర్రకణాలు మితిమీరి నశించినా, కాలేయం జబ్బుపడినా, పిత్తనాళం మూసుకొనిపోయినా బిలిరుబిన్ రక్తంలో పేరుకొంటుంది. సాధారణంగా అది డెసిలీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉంటుంది. 2, 3 మిల్లీగ్రాములు దాటితే కన్నులు పచ్చబడతాయి.

హైదరాబాదులోని రాంనగర్‌లో ఒకే వీధిలో ఇద్దరికి కామెర్లు వచ్చాయనుకొందాం. ఒకరు కళాశాల విద్యార్థి. కలుషితజలం వల్ల వైరస్ సోకి అతని కాలేయం వాచింది. 2005లో హైదరాబాదులో తాగునీటి ద్వారా హెపటైటిస్-ఇ వ్యాపించినప్పుడు ఎందరో ఇలాగే మంచం పట్టారు. రెండవవారు అరవై ఏళ్ల గృహిణి. పిత్తాశయంలోని రాయి జారి ఆమె పిత్తనాళానికి అడ్డుపడింది. ఇద్దరి కన్నుల రంగు ఒక్కటే. విద్యార్థికి సాధారణంగా విశ్రాంతి, తగిన ఆహారం, వైద్యుని పర్యవేక్షణ చాలు. గృహిణికి ఆ అడ్డు తొలగించక తప్పదు. పొరుగువారి మాట విని ఇద్దరూ ఒకే పసరు తాగారనుకొందాం. విద్యార్థి తనంతట తాను కోలుకొన్నా ఆ కీర్తి పసరుకు దక్కుతుంది. అదే కీర్తిని నమ్మి గృహిణి కాలయాపన చేస్తే, మూసుకొన్న నాళంలో సూక్ష్మజీవులు వృద్ధిచెంది ఆమె ప్రాణానికే ముప్పు రావచ్చు.

ఈ భేదాన్ని మన పూర్వులు గుర్తించకపోలేదు. కఫం పిత్తమార్గాన్ని అడ్డగించినప్పుడు మలం నువ్వులపిండి వలె పాలిపోతుందని చరకసంహిత చెప్పింది. పైత్యరసం ప్రేగులోనికి చేరకపోతే మలం రంగు కోల్పోతుందని నేటి వైద్యమూ అంగీకరిస్తుంది. పూర్వులు బాహ్యచిహ్నాన్ని బట్టి లోపలి అడ్డంకిని ఊహించారు. నేడు దానిని కంటికి చూపగలిగే సాధనం అల్ట్రాసౌండ్ పరీక్ష.

మానవుని చెవి సెకనుకు 20,000 కంపనాల వరకే వినగలదు. ఉదరపరీక్షకు వాడే ధ్వనికి సెకనుకు సుమారు 20 నుండి 50 లక్షల కంపనాలుంటాయి. చర్మంపై జెల్ పూసి ఆనించిన పరికరం ఆ ధ్వనిని లోనికి పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనులను గ్రహిస్తుంది. కంప్యూటరు వాటిని చిత్రంగా మలుస్తుంది. అందులో ద్రవరూపమైన పైత్యరసం నల్లగా కనిపిస్తుంది. రాయి తెల్లగా మెరుస్తూ, తన వెనుక నల్లని నీడను పరుస్తుంది. గ్లాస్గో నగరంలో ఇయాన్ డోనాల్డ్ బృందం ఉదరంలోని గడ్డలను ఈ పద్ధతిలో పరీక్షించి 1958లో ప్రకటించిన వ్యాసం వైద్యరంగంలో దీనికి బాట వేసింది. ఇందులో ఎక్స్-రే కిరణాలు ఉండవు. పిత్తాశయం నిండుగా కనబడటానికి రోగి ఆరు నుండి ఎనిమిది గంటలు ఉపవాసం ఉండాలి.

పిత్తనాళం ఉబ్బిందా, లేదా అన్నది వైద్యుని మొదటి ప్రశ్న. సాధారణంగా దాని వెడల్పు సుమారు 6 మిల్లీమీటర్లలోపు ఉంటుంది. అడ్డుపడితే పైభాగం ఉబ్బుతుంది. అప్పుడు ఆ అడ్డు రాయియా, క్లోమంలోని కణితియా అని వెతుకుతారు. నాళం ఉబ్బకపోతే దృష్టి కాలేయంపైకి, రక్తపరీక్షలపైకి మళ్లుతుంది. అయితే ప్రేగులోని వాయువు నాళం దిగువభాగాన్ని మరుగుపరచవచ్చు. కనుక రాయి కనబడనంత మాత్రాన లేదనరాదు, ఎం.ఆర్.ఐ. వంటి పరీక్షలు అవసరమవుతాయి. నాళంలోని రాయిని పొట్ట కోయకుండానే ఎండోస్కోపీ ద్వారా తీయవచ్చు. ఈ రంగంలో హైదరాబాదుకు పేరు తెచ్చిన డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి 2025లో పద్మవిభూషణ్ పురస్కారానికి ఎంపికయ్యారు.

కన్నులు పచ్చబడినప్పుడు ‘మందు ఎవరిస్తారు?’ అని అడిగేవారే ఎక్కువ. ‘కారణం ఏమిటి?’ అని అడగడం విద్యావంతుల లక్షణం. ఆ ఒక్క ప్రశ్న సకాలంలో అడిగితే ఒక ప్రాణం నిలుస్తుంది.

కఠిన పదాలకు అర్థాలు
కాలయాపన : సమయాన్ని వృథాగా గడపడం
పిత్తాశయం : పైత్యరసం నిలువ ఉండే సంచి
క్లోమం : జీర్ణరసాన్ని, ఇన్సులిన్‌ను స్రవించే గ్రంథి

ప్రశ్నలు
1. కామెర్లు రోగం కాదు, రోగలక్షణం అన్న మాటను సమర్థించండి.
2. ఒకే పసరు ఇద్దరు రోగులకు ఒకే ఫలితం ఎందుకు ఇవ్వలేదు?
3. అల్ట్రాసౌండ్ పరీక్ష పనిచేసే విధానాన్ని, దాని పరిమితిని వివరించండి.