అన్నీ ఒకే కొట్లో: సాఫ్టువేరు పనికి సమీకృత ఉపకరణం వల్ల మేలెంత, కీడెంత?

(తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

కంప్యూటర్ సైన్సు చదువుతున్నానంటే మా ఊళ్ళో పెద్దలు అడిగే ప్రశ్న ఒక్కటే: "రోజంతా ఆ డబ్బా ముందు కూర్చుని ఏం కొడతావురా?" ప్రోగ్రాము రాయటమంటే టైపు కొట్టటమేనని వాళ్ళ ఉద్దేశం. మన కాలేజీలోనూ ఇతర శాఖల మిత్రులు చాలామంది అట్లాగే అనుకుంటున్నారు గనుక, ముందు ఆ సంగతి నాలుగు మాటల్లో చెప్పి అసలు విషయానికి వస్తాను.

రెండు వందల లైన్ల ప్రోగ్రాము ఒక్కడే రాసుకునేటప్పుడు ఏ నిర్వహణా అక్కర్లేదు. అయిదుగురు కలిసి అయిదు వేల లైన్లు రాయవలసి వచ్చినప్పుడు టైపు కొట్టటం అన్నిటికన్నా చిన్న పని అయిపోతుంది. ఏమేం చెయ్యాలో, ఎక్కడెక్కడ తప్పులున్నాయో ఒక జాబితా వుండాలి. దీనిలోని ఒక్కొక్క అంశాన్నే ఇష్యూ అంటారు. ఏ లైను ఎవరు ఎప్పుడు మార్చారో భద్రపరచాలి. ఒకరు రాసినదాన్ని మరొకరు చదివి సరేననాలి. మార్పు జరిగినప్పుడల్లా పాతవన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించాలి. ఆ తరువాత దాన్ని వాడేవారికి అందజెయ్యాలి. ఈ పనుల్లో ఒక్కొక్కదానికి ఒక్కొక్క సాధనం ఎప్పటినుంచో వున్నది. తప్పుల జాబితాకు 1998 నుంచి బగ్‌జిల్లా, మార్పుల చరిత్రకు 2005 నుంచి గిట్, పరీక్షలకు జెంకిన్స్, ఇట్లా. వీటన్నిటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చినదే సమీకృత ఉపకరణం. గిట్‌లాబ్, మైక్రోసాఫ్టువారి అజూర్ డెవాప్స్ ఈ కోవలోవి. 2008లో కేవలం గిట్ నిల్వల కోసం మొదలైన గిట్‌హబ్ కూడా క్రమంగా ఆ దారిలోకే వచ్చింది.

గిట్‌లాబ్ పుట్టుక చెప్పుకోదగ్గది. 2011లో యుక్రెయిన్ దేశంలో ద్మిత్రో జపొరోజెట్స్ అనే ప్రోగ్రామరు దీన్ని ప్రారంభించాడు. అప్పుడు ఆయన ఇంటికి కుళాయి లేదట. రోజూ ఉమ్మడి బావి నుంచి నీళ్ళు మోసుకొచ్చుకునేవాడట. ఆ కష్టం కన్నా, కలిసి పనిచెయ్యటానికి మంచి సాధనం లేకపోవటమే ఆయనకు పెద్ద కష్టంగా తోచిందని ఆ సంస్థవారే తమ చరిత్రలో చెప్పుకుంటారు. కావిడి మోసిన ఇంట్లో పుట్టినవాణ్ణి గనుక ఈ మాట చదివి నేను కొంచెం ఆగాను. పరీక్షలు నడిపే భాగం మొదట గిట్‌లాబ్‌కు వేరే ప్రోగ్రాముగా వుండేది. 2015లో దాన్ని లోపలికి కలిపారు. సమీకృతం అన్న మాట దానికి పూర్తిగా తగినది అప్పటినుంచే.

ఇక దీనివల్ల మేలేమిటి? పుస్తకాల్లో రాసే పెద్ద జాబితా వదిలిపెట్టి మా అనుభవంలోని ఒక్క ఉదాహరణ చెబుతాను.

హాస్టలు మెస్సు లెక్కల కోసం మా పై తరగతివారు ఒక ప్రోగ్రాము రాసి, వెళ్ళిపోతూ మా బృందానికి అప్పగించారు. అందులో ఒక చోట, సెలవు మూడు రోజులకు తక్కువైతే బిల్లులో తగ్గింపు ఇవ్వరాదని ఒక షరతు వుంది. ఎందుకు మూడు? వార్డెనుగారి ఉత్తరువా, మెస్సు కమిటీ తీర్మానమా, లేక పరీక్షించటానికి రాసి మరచిపోయిన అంకెా? ప్రోగ్రాము మా చేతిలోనే వుంది. గిట్ చరిత్ర చూస్తే రాసినవారి పేరు, తేదీ కూడా తెలిశాయి. కారణం మాత్రం ఎవరిదో వాట్సాప్‌లో వుండిపోయింది. రాసిన అన్నయ్య పూణేలో ఉద్యోగం చేస్తున్నాడు, ఫోను కూడా మారింది. ఆ 'మూడు'ను ఉంచాలో తీసెయ్యాలో తేల్చుకోవటానికి మాకు మూడు వారాలు పట్టింది. (చివరికి అది మెస్సు కమిటీ తీర్మానమేనని తేలింది. సరుకు ముందురోజే కొంటారు గనుక ఒకటి రెండు రోజుల సెలవుకు తగ్గించలేమన్నది వారి వాదన.)

సమీకృత ఉపకరణం సరిగ్గా ఈ చోటే పనికొస్తుంది. తగ్గింపు గురించి ఎవరో ఒక ఇష్యూ తెరుస్తారు. దానికి 43 అని నంబరు పడుతుంది. చర్చంతా దాని కిందనే జరుగుతుంది. ప్రోగ్రాము మార్చినవాడు తన మార్పు సందేశంలో ఆ 43ను పేర్కొంటాడు. మరొకరు సమీక్షించి ప్రధాన శాఖలో కలుపుతారు. కలిపిన క్షణాన ఇష్యూ తనంతట తానే మూతపడేట్టు కూడా చెయ్యవచ్చు. రెండేళ్ళ తరువాత ఎవరైనా ఆ లైను మీద వేలు పెట్టి "ఇదెందుకు?" అంటే, లైను నుంచి మార్పుకు, మార్పు నుంచి 43కు, 43 నుంచి మెస్సు కమిటీ మాటలకు నడిచి వెళ్ళవచ్చు. విడివిడి సాధనాలతో ఇది సాధ్యం కాకపోలేదు గానీ, ముడులన్నీ మనమే వెయ్యాలి. మూడేళ్ళకోసారి మనుషులు పూర్తిగా మారిపోయే కాలేజీలో ఆ ముడులు వేసేవారెవరు?

ఇది లేకుండా పెద్ద పనులు జరగవా అంటే, జరుగుతాయి. ప్రపంచంలో అతి పెద్ద ఉమ్మడి ప్రోగ్రాముల్లో ఒకటైన లినక్స్ కెర్నల్‌లో మార్పులు ఇవాళ్టికీ ఈమెయిలు జాబితాల మీదుగానే వస్తాయి, చర్చలూ అక్కడే. కాని అక్కడ దశాబ్దాలుగా పాతుకుపోయిన పెద్దలున్నారు. మనకు అటువంటివారు లేరు.

కీడు సంగతికొద్దాం. బరువు గురించి రెండు మాటలు చాలు. చిన్న పనికి పెద్ద ఉపకరణం తెస్తే ఫారాలు నింపటమే పనవుతుంది. పురోగతి చూపే గీతల పటాలు అందంగా వుంటాయి, కాని గీత కిందికి దిగాలన్న ఆరాటంలో మా బృందంలో ఒక మిత్రుడు ఒకే పనిని ఆరు ఇష్యూలుగా విడగొట్టి ఒకే సాయంత్రం ఆరూ మూసేశాడు. పైగా అన్నీ వున్న పెట్టెలో ప్రతి పనిముట్టూ మేలురకంగా వుండదు.

అసలు కీడు వేరు. అది చెప్పటానికి మా ప్రాంతపు ముచ్చట ఒకటి కావాలి. గుంటూరు వైపు మిర్చి రైతుకు కమీషన్ కొట్టు అంటే ఏమిటో వివరించనక్కర్లేదు. విత్తనానికి అప్పు అక్కడే, పురుగుమందుకు అరువు అక్కడే, కోత కూలీలకు డబ్బు అక్కడే, చివరికి టిక్కీలు దిగేదీ ఆ కొట్లోనే. పదిచోట్ల తిరగనక్కర్లేదు, అర్ధరాత్రి అవసరం పడినా ఫోను చేస్తే చాలు. ఇది నిజంగా సౌకర్యమే, కాదనను. ఒక ఏడాది మా నాన్న కొట్టు మారదామనుకున్నాడు. పంటదేముంది, ట్రాక్టరు ఎక్కిస్తే ఎక్కడికైనా పోతుంది. కాని పద్దు ఆ షావుకారు పుస్తకంలో వుంది. ఏ ఏడు ఎంత తీసుకున్నాం, ఎంత జమ అయింది, ఏ మాట మీద వడ్డీ తగ్గించారు, అన్నీ అక్కడే. పంట కదులుతుంది, పద్దు కదలదు. నాన్న ఆ ఏడూ అక్కడే దించాడు.

సమీకృత ఉపకరణంలోనూ అంతే. గిట్ స్వభావం వల్ల ప్రోగ్రామూ దాని మార్పుల చరిత్రా మనలో ప్రతి ఒక్కరి యంత్రంలో పూర్తి నకలుగా వుంటాయి. అది పంట. ఇష్యూలు, చర్చలు, సమీక్షలు గిట్‌లో వుండవు. ఉపకరణం తాలూకు డేటాబేసులో, అనగా దాన్ని నడిపేవారి సర్వరులో వుంటాయి. అది పద్దు.

ఈ తేడా ఎంత గట్టిదో 2017 జనవరి 31న గిట్‌లాబ్‌కే అనుభవమైంది. ఆ రోజు వారి డేటాబేసు మీద భారం విపరీతంగా పెరిగి, ప్రధాన సర్వరుకూ దాని నకలుకూ పొత్తు తప్పింది. రాత్రి పొద్దుపోయిందాకా దాన్ని సరిచేస్తూ అలసిపోయిన ఒక ఇంజనీరు, నకలు సర్వరులో చెయ్యవలసిన తుడిచివేతను ప్రధాన సర్వరులో చేశాడు. ఒకటి రెండు క్షణాల్లో గ్రహించి ఆపాడు గాని, 300 గిగాబైట్లలో మిగిలింది దాదాపు నాలుగున్నర. సరే, బ్యాకప్పులు వున్నాయి కదా అని చూస్తే, అయిదు ఏర్పాట్లలో ఏ ఒక్కటీ నమ్మదగినట్టుగా పనిచెయ్యటం లేదు. రోజువారీ బ్యాకప్పు, డేటాబేసు వెర్షను తేడా వల్ల ఎప్పటినుంచో విఫలమవుతూ వున్నది. విఫలమైందని హెచ్చరించే ఈమెయిళ్ళు కూడా చేరటం లేదు. అదృష్టవశాత్తు ఆ ఇంజనీరే వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిపెట్టిన ఒక నకలు దొరికింది. దానితో నిలదొక్కుకున్నారు. ఆ ఆరు గంటల్లో చేరిన సుమారు 5,000 ప్రాజెక్టుల వివరాలు, 5,000 వ్యాఖ్యలు, 700 మంది కొత్త సభ్యుల నమోదు పోయాయి. గిట్ నిల్వలు మాత్రం చెక్కుచెదరలేదు, పోయినదంతా పద్దు వైపుదే. మెచ్చుకోవలసిన సంగతి ఏమంటే, వారు ఏదీ దాచలేదు. మరమ్మతును యూట్యూబులో అందరూ చూస్తుండగా చేశారు, కారణాలన్నీ తరువాత వివరంగా ప్రకటించారు. నాకీ అంకెలు తెలిసింది అందువల్లనే.

2022 ఏప్రిల్‌లో అట్లాసియన్ సంస్థ కూడా ఇటువంటి చిక్కులోనే పడింది. తొలగించవలసిన ఒక పాత అప్లికేషను గుర్తింపు సంఖ్యలకు బదులు ఖాతాదారుల సైట్ల సంఖ్యలే ఇవ్వటంతో, 775 ఖాతాదారులకు వారి జిరా, కాన్‌ఫ్లుయెన్స్ వగైరాలు అందకుండా పోయాయి. కొందరికి 14 రోజుల దాకా. అన్నీ ఒకేచోట వున్నప్పుడు అన్నీ ఒకేసారి ఆగుతాయి.

ప్రమాదాలే కాదు, నడిపేవారి ఇష్టాయిష్టాలు కూడా వున్నాయి. గూగుల్ కోడ్‌ను మూసివేస్తున్నామని 2015లో ప్రకటించి 2016 జనవరిలో మూసేశారు. 2019లో అమెరికా ఆంక్షల కారణంగా ఇరాన్, సిరియా, క్రిమియాల్లోని ప్రోగ్రామర్ల ఖాతాలకు గిట్‌హబ్ హద్దులు పెట్టింది. ఇరాన్‌కు 2021లో అనుమతి వచ్చి సడలించారు. అసలు గిట్ పుట్టిందే ఇటువంటి దెబ్బతో. లినక్స్ వారు 2002 నుంచి వాడుతున్న బిట్‌కీపర్‌కు ఉచిత లైసెన్సు 2005లో ఉపసంహరించుకుంటే, లైనస్ టోర్వాల్డ్స్ ఆ ఏప్రిల్‌లోనే కొద్దిరోజుల్లో గిట్ రాయటం మొదలుపెట్టి నడిపించాడు.

పద్దును కూడా మూటగట్టి ఎగుమతి చేసుకునే సౌకర్యం వుంది కదా అని కొందరు మిత్రులు నాతో వాదించారు. గిట్‌లాబ్‌లో వున్నమాట నిజమే. ఇష్యూలు, వ్యాఖ్యలు వస్తాయి. పరీక్షల చిట్టాలు రావు, రహస్య విలువలు రావు. కొత్తచోట సభ్యుల పేర్లు సరిపోలకపోతే అందరి మాటలూ దిగుమతి చేసినవాడి పేరు మీద పడే సందర్భాలున్నాయి. ఎవరు అన్నారో తెలియని మాటకు విలువెంత?

ఈ చిక్కును మూలంలోనే విప్పిన ఉపకరణం ఒకటి వుంది. ఎస్‌క్యూలైట్ డేటాబేసు రాసిన రిచర్డ్ హిప్ తయారుచేసిన ఫాసిల్. మార్పుల చరిత్ర, తప్పుల టికెట్లు, వికీ మూడూ ఒకే డేటాబేసు ఫైలులో వుంటాయి. నకలు తీసుకున్నప్పుడు టికెట్లు కూడా వెంట వస్తాయి, అంటే ప్రతి రైతు ఇంట్లోనూ పద్దు పుస్తకం నకలు వున్నట్టే. ఎస్‌క్యూలైట్ పని 2009 నుంచి దీనిమీదే జరుగుతున్నది. మరి అందరూ ఎందుకు వాడరంటే, ఇంటర్వ్యూల్లో గిట్ గురించి అడుగుతారు గాని ఫాసిల్ గురించి అడగరు. ఉద్యోగం కోసం చదువుతున్న మాబోటివారికి ఇది చిన్న కారణం కాదు.

అందుచేత మా బృందం గిట్‌లాబ్‌నే తీసుకున్నది, అయితే కంపెనీవారి సర్వరులో కాదు. దాని ఉచిత కూర్పును ల్యాబులోని యంత్రంలో మేమే పెట్టుకున్నాం. విద్యుత్తు పోతే అదీ పోతుంది, దాన్ని చూసుకునే బరువు మాదే. ఇది తక్కువ బరువేమీ కాదు. ఆదివారం ఉదయాలు రెండు దానికే పోయాయి. రెండు నియమాలు పెట్టుకున్నాం. మొదటిది, ఇష్యూలో ఎంత చర్చ జరిగినా చివరి కారణాన్ని రెండు వాక్యాల్లో మార్పు సందేశంలోనే తిరిగి రాయాలి. అట్లా రాస్తే అది గిట్‌లోకి చేరి పంటతోపాటే పోతుంది. రెండవది, సెమిస్టరుకొకసారి బ్యాకప్పును వేరొక యంత్రంలోకి దించి, తెరిచి, 43వ నంబరు కనిపిస్తున్నదో లేదో కళ్ళారా చూడాలి. బ్యాకప్పు తీశామని చెప్పుకుంటే లెక్కలోకి రాదు, తెరిచి చూసినదే లెక్క. నవంబరులో ఒకసారి చూశాం, వచ్చింది.

ప్రస్తుతం మెస్సు ప్రోగ్రాములో 17 ఇష్యూలు తెరిచి వున్నాయి. వాటిలో అతిథి భోజనం రేటు గురించినది మాత్రం ఈ వేసవిలోపు తేలేట్టు లేదు. జూన్‌లో దీన్ని తీసుకోబోయే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ల్యాబులో కిటికీ పక్క యంత్రాన్ని చూడగలరు. పాస్‌వర్డు ల్యాబ్ అసిస్టెంటుగారి దగ్గర వుంది.