ఇంటి బ్రాడ్‌బ్యాండు: టెలిఫోను తీగయా, కేబులు తీగయా?



“టెలిఫోను కంపెనీవారి ఇంటర్నెట్టు మంచిదా, కేబులువారిది మంచిదా?” అని మీ తలిదండ్రులు మమ్ములను తరచుగా అడుగుచుందురు. కంపెనీ పేరును బట్టిగాని, కరపత్రములో పెద్దగా అచ్చైన అంకెను బట్టిగాని దీనికి ఉత్తరమీయరాదు. ఇంటికి వచ్చు తీగ ఎట్టిది, ఎంత దూరమునుండి వచ్చుచున్నది, దానిని ఎందరు పంచుకొనుచున్నారు అను మూడు సంగతులు తెలియవలెను. వీనిని క్రమముగా విచారింతము.

1. టెలిఫోను తీగ

టెలిఫోను తీగ యనగా ఒకదానితో నొకటి మెలివేసిన రెండు సన్నని రాగితీగల జత. మనుష్యుని మాటను మోయుటకు సెకనుకు 4,000 కంపనములలోపు భాగమే చాలును. అంతకు పై భాగము చిరకాలము వ్యర్థముగా నుండెను. డి.ఎస్.ఎల్. అను పద్ధతి ఆ పై భాగమున ఇంటర్నెట్టును నడపును. అందుచేతనే ఒకే తీగపై మాటయు ఇంటర్నెట్టును ఏకకాలమున సాగును. ఈ రెంటిని వేరుచేయుటకు స్ప్లిట్టరను చిన్న పెట్టెను అమర్చుదురు.

ఈ తీగ ఎక్స్‌చేంజినుండి మీ యింటికి ప్రత్యేకముగా వచ్చును. పొరుగువారు దానిని పంచుకొనరు. ఇది దాని గుణము. కాని వేగముగా కంపించు సంకేతములు రాగిలో దూరము పోవుకొలది క్షీణించును. ఎ.డి.ఎస్.ఎల్. 2 ప్లస్ అను రకము ఎక్స్‌చేంజి సమీపమున సెకనుకు 24 మెగాబిట్లవరకు ఈయగలదు; 5 కిలోమీటర్లు దాటినచో అందులో కొద్దిభాగమే మిగులును. ఇది దాని దోషము.

2. కేబులు తీగ

టెలివిజనుకై వేసిన కేబులులో నడుమ నొక రాగితీగ, దానిచుట్టు విద్యుత్తును పోనీయని పొర, దానిపై లోహపు అల్లిక, అన్నిటికి పైన తొడుగు ఉండును. ఆ లోహపు అల్లిక బయటి అలజడిని లోనికి రానీయదు. కావున ఇది టెలిఫోను తీగకన్న అనేక రెట్లు సమాచారమును మోయగలదు.

అయితే ఒక పేటలోని ఇండ్లన్నియు ఒకే మార్గమును పంచుకొనును. పగలు వీధి కుళాయి ధారాళముగా పారి, అందరును బిందెలు తెచ్చు వేళకు సన్నగిల్లునట్లే, రాత్రివేళ దీని వడియు తగ్గవచ్చును. మరియు ఇందు వచ్చు దారి విశాలము, పోవు దారి ఇరుకు. మన పట్టణములలో కేబులువారు టెలివిజను తీగనుగాక వేరొక తీగను ఇంటింటికి వేసి ఇంటర్నెట్టు ఇచ్చుటయు కలదు. అచ్చటను పంపకము తప్పదు.

3. నా పొరపాటు

2020వ సంవత్సరమున బడులు మూతపడినప్పుడు, దర్జీపని చేసుకొను ఒక తండ్రి ఈ ప్రశ్ననే నన్నడిగెను. నేను రెండు కరపత్రములను చూచితిని. టెలిఫోనువారిది 8, కేబులువారిది 50. “సందేహమేల? కేబులు తీసికొనుడు” అంటిని. ఆయన ఆరు నెలల సొమ్ము ముందుగా చెల్లించెను.

పది దినములకు ఆయన కుమార్తె నాతో, “మాస్టారూ, పగలు పాఠము బాగుగనే వచ్చుచున్నది. రాత్రి జవాబు కాగితములు పంపబోయిన పోవుటలేదు” అని చెప్పెను. నేను వారి యింటికి పోయి మధ్యాహ్నము మూడు గంటలకును, రాత్రి ఎనిమిది గంటలకును వడిని కొలిచి చూచితిని. రాత్రి అది పదియవ వంతైనను లేదు. వారి యిల్లు టెలిఫోను ఎక్స్‌చేంజి వెనుక వీధిలోనే యున్నది! ఆ 8 వారికి స్థిరముగా నుండెడిది. తండ్రి నన్నొక్క మాటయు అనలేదు. అదియే నాకు మిక్కిలి బాధ కలిగించెను.

4. గాజు తీగ

నేడు టెలిఫోనువారును కేబులువారును ఫైబరు అను గాజుతీగను వేయుచున్నారు. ఇందు సమాచారము వెలుతురుగా పోవును. 20 కిలోమీటర్లైనను లెక్కలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2015లో స్థాపింపబడిన ప్రభుత్వ ఫైబర్‌నెట్ సంస్థ కేబులు ఆపరేటర్ల ద్వారానే ఇండ్లకు చేరినది. కావున పేరునుబట్టి తీగను ఊహింపరాదు. గాజుతీగలోను పంపకము కలదు: జీపాన్ అను పద్ధతిలో సుమారు 2,500 మెగాబిట్లను సాధారణముగా 32 లేక 64 ఇండ్లకు పంచుదురు.

5. అడుగవలసిన ప్రశ్నలు

సొమ్ము చెల్లించుటకు ముందు ఇవి అడుగుడు: ఇంటిలోనికి వచ్చునది రాగియా, గాజా? రాగియైనచో ఎక్స్‌చేంజి ఎంత దూరము? పంపు వడి ఎంత? గాలివానకు తీగ తెగినచో ఎవరు వత్తురు, ఎన్నాళ్లకు? పిదప అదే కంపెనీ తీగగల పొరుగింట రాత్రి ఎనిమిదింటికి వడిని కొలువుడు. మొదట నొక్క నెలకే చెల్లింపుడు.

2023నుండి మన దేశమున బ్రాడ్‌బ్యాండనిపించుకొనుటకు సెకనుకు 2 మెగాబిట్ల వడి యుండవలెను. 2004లో 256 కిలోబిట్లే చాలెను. ఒక పాఠమును చూచుటకు వందల మెగాబిట్లు అక్కరలేదు. తెగక సాగు కొద్దిపాటి వడియే మేలు.

అభ్యాసము

1. ఎనిమిది బిట్లు ఒక బైటు. సెకనుకు 40 మెగాబిట్ల వడితో 300 మెగాబైట్ల పాఠము ఎంతసేపటికి వచ్చును?

2. జీపాన్ తీగను 32 ఇండ్లవారు ఒకేసారి పూర్తిగా వాడినచో ఒక్కొక్కరికి సుమారెంత వచ్చును?

3. మీ యింటి వడిని వారము దినములు మధ్యాహ్నమును, రాత్రియు కొలిచి పట్టిక వ్రాసి, దానిని మీ తలిదండ్రులకు వివరింపుడు.