వృద్ధ రైతులకు ఆరోగ్య బీమా: పేరు వ్రాయించుకొనుటకు తగిన కాలము

మృగశిర కార్తెలో పోయవలసిన నారును ఆశ్లేషలో పోసినచో పంట యెట్లుండునో రైతులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. పొలము విషయమున ఇంత జాగరూకత గల మనము, ఇంటనున్న పెద్దల వైద్యము విషయమున మాత్రము అవసరమైనప్పుడు చూచుకొందములే యని ఉపేక్షించుచున్నాము. ఈ ఉపేక్షను మానుటకు చేయవలసిన పనిని ఈ పాఠమున వివరించెదము.

మొదట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. మన రాష్ట్రమున 2018వ సంవత్సరమున ప్రారంభమైన రైతుబీమా జీవిత బీమాయే గాని ఆరోగ్య బీమా కాదు. అదియు 18 మొదలు 59 సంవత్సరముల వయస్సు గల రైతులకే వర్తించును. కావున దానిని నమ్ముకొని వృద్ధులు నిశ్చింతగా నుండరాదు.

వృద్ధులకు వేఱొక ఆధారము కలదు. కేంద్ర ప్రభుత్వము 2024వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీన ఆయుష్మాన్ భారత్ పథకమును 70 సంవత్సరములు నిండిన వారికందఱికి విస్తరింపజేసినది. ఇందలి కార్డునకు వయ వందన కార్డని పేరు. ఆదాయముతో గాని, భూమితో గాని, రేషను కార్డుతో గాని నిమిత్తము లేదు. చందా కట్టనక్కఱలేదు. పథకమున చేరిన ఆసుపత్రిలో పడకపై నుండి పొందు చికిత్సకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయల వఱకు లభించును. ఒక యింట భార్యాభర్తలిరువురును 70 నిండినవారైనచో ఆ మొత్తమును ఇరువురును కలిసి వాడుకొనవలెను. పూర్వమునుండి యున్న వ్యాధులకును మొదటి దినమునుండియే వర్తించును. అంగడిలో కొను మాత్రలకు మాత్రము ఇది పనికిరాదు. మాజీ సైనికుల పథకము వంటి కేంద్ర పథకములలో నున్నవారు రెండింటిలో ఒకదానినే కోరుకొనవలెను.

పొరుగున కర్ణాటకములో సహకార సంఘ సభ్యులకై 2003లో యశస్విని యను ఆరోగ్య పథకము నడువసాగినది. సభ్యులు నెలకు 5 రూపాయల చొప్పున లెక్కించి, నియమిత కాలములో చందా చెల్లించి చేరిరి. మన వృద్ధుల పథకమునకు అట్టి గడువు లేదు. గడువు లేని పనినే మనము వాయిదా వేయుదుము. కాని ఇచ్చట గడువును నిర్ణయించునది ప్రభుత్వము కాదు, వ్యాధి. గుండెనొప్పితో ఆసుపత్రి చేరిన దినమున కార్డునకై పరుగెత్తుట ఎంత కష్టమో యోచింపుడు.

ఆ దినమున అడ్డుపడునవి మూడు కలవు.

1. వయస్సు: ఆధార్‌లోని తేదీయే ప్రమాణము. నిజముగ 72 ఏండ్లున్నను అందు 66 అని యున్నచో పేరు చేరదు. సవరణకు రుజువు పత్రమును, కొన్ని దినముల వ్యవధియు కావలెను.

2. ఫోను: రహస్య సంఖ్య ఆధార్‌తో కలిపిన ఫోనునకే వచ్చును. మన రాయికల్, కోరుట్ల ప్రాంతములనుండి అనేకులు గల్ఫు దేశములకు పోయియున్నారు. తండ్రి ఆధార్‌నకు కుమారుని పాత నంబరు కలిపియున్నచో ఆ సంఖ్య తండ్రికి చేరదు. ఇంటనుండు ఫోను నంబరును ఆధార్ కేంద్రమున కలిపించుకొనుడు.

3. వ్రేలిముద్ర: పసుపు త్రవ్వి, వరి కోసి అరిగిన వ్రేళ్ల ముద్రలు యంత్రమునకు అందకపోవచ్చును. అప్పుడు కనుపాప ద్వారా గాని, ముఖచిత్రము ద్వారా గాని గుర్తింపు చేయుమని కోరుడు.

ఈ మూడును సరిగనున్నచో, పథకమున చేరిన ఆసుపత్రి సహాయకుల యొద్ద గాని, చేతి ఫోనులోని ఆయుష్మాన్ యాప్ ద్వారా గాని, ఆధార్ ఒక్కదానితోనే పేరు చేర్చుకొనవచ్చును. సందేహములకు 14555 నంబరునకు ఫోను చేయవచ్చును. ఏ ఆసుపత్రిలో ఏ చికిత్స లభించునో ముందుగనే విచారించి యుంచుకొనుడు.

ఆహార భద్రతా కార్డు గల కుటుంబములకు రాష్ట్ర ఆరోగ్యశ్రీ కలదు. దాని పరిమితి 2023 డిసెంబరు 9 నుండి 10 లక్షల రూపాయలకు పెరిగినది. అది యున్నదని పెద్దల ఆధార్‌ను సరిచూచుకొనుట మానరాదు.

సభ్యులారా! ఆసుపత్రి ఖర్చునకై తెచ్చిన అప్పు పంట అప్పువలె కోతతో తీరునది కాదు; తుదకు పొలము మీదికే వచ్చును. కావున ఈ సంచిక చదివిన దినముననే ఇంటి పెద్దల ఆధార్ కార్డులను తీసి, తేదీని, ఫోను నంబరును సరిచూడుడు. 70 నిండిన వారిని ఈ వారమే చేర్పింపుడు. నిండబోవువారి తేదీని గోడ పంచాంగముపై గుర్తు వేసి యుంచుడు.