బకెట్ సీటు బిగించే ముందు

ముందే ఒక మాట. నేను చదివింది మొత్తం ఇంగ్లీష్ మీడియం. బోల్టుకి, బ్రాకెట్‌కి తెలుగు మాటలు వెతికి మెకానిక్‌తో అంటే ఆయన నవ్వేశాడు. అందుకే షెడ్డులో వాడే మాటలే ఇక్కడా వాడుతున్నా.

మా పెద్దనాన్న కొడుకు చెన్నైలో ఉద్యోగం చేస్తాడు. అన్నయ్య దగ్గర ఒక పాత హ్యాచ్‌బ్యాక్ ఉంది. వారమంతా ఆఫీసుకి అదే, ఏడాదికి రెండుసార్లు శ్రీపెరుంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి కూడా అదే. పోయిన సెలవుల్లో నేను వెళ్లేసరికి డ్రైవర్ వైపు పెట్టడానికి బకెట్ సీటు, నాలుగు పాయింట్ల హార్నెస్ తెచ్చి ఉంచాడు. "రేయ్, నాలుగు బోల్టులు విప్పి నాలుగు బిగించడమే, గంట పని" అన్నాడు. నేనూ అదే అనుకున్నా. రెండు రోజులు పట్టింది. చివరికి ఆ సీటు మళ్లీ బయటికి వచ్చేసింది. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

అసలు ఈ సీటు ఎందుకు?

ట్రాక్ మీద మలుపులో బండి గట్టిగా తిరిగితే మన ఒళ్లు పక్కకి జారిపోతుంది. మామూలు సీటులో మనం తెలియకుండానే స్టీరింగ్ పట్టుకుని వేలాడతాం, మోకాలు డోర్‌కి ఆనిస్తాం. బకెట్ సీటు నడుముని, భుజాలని పక్కల నుంచి పట్టి ఉంచుతుంది. చేతులకి స్టీరింగ్ తిప్పే పని ఒక్కటే మిగులుతుంది. సౌకర్యం, స్టైల్ అన్నీ ఆ తర్వాతే.

చిన్న లెక్క

గంటకి 50 కి.మీ. అంటే సెకనుకి సుమారు 13.9 మీటర్లు. ఆ వేగం నుంచి మన శరీరం అర మీటరు దూరంలో ఆగిందనుకోండి. వేగం వర్గాన్ని రెండింతల దూరంతో భాగిస్తే దాదాపు 193 వస్తుంది, అంటే గురుత్వాకర్షణకి సుమారు 20 రెట్లు. 70 కిలోల మనిషి ఆ క్షణంలో 1,400 కిలోల బరువులా లాగుతాడు. దాన్ని బెల్టు, సీటు, బ్రాకెట్, బోల్టు, ఫ్లోర్ కలిసి ఆపాలి.

ఇక్కడ మేం పొరపడింది బోల్టు దగ్గర. మంచి ఎం8 బోల్టు అంత తేలిగ్గా తెగదు. దాని కింద ఉన్న ఫ్లోర్ పల్చటి రేకు, అది చిరిగి బోల్టు తలతో సహా బయటికి వచ్చేయొచ్చు. అందుకే కంపెనీ ఇచ్చిన రంధ్రాలకే సరిపోయే, ఆ మోడల్ కోసమే చేసిన బ్రాకెట్ వాడటం మంచిది. కొత్తగా రంధ్రం వేస్తే ఫ్లోర్ కింద వెడల్పాటి ప్లేట్ ఉండాలి, ఉత్త వాషర్ చాలదు. రేసుల కోసం ఎఫ్‌ఐఏ పెట్టిన రూల్స్‌లో సీటుకి కనీసం నాలుగు చోట్ల బిగింపు, ఎం8కి తగ్గని బోల్టులు, స్టీల్ సపోర్టు అయితే కనీసం 3 మి.మీ. మందం అడుగుతారు.

బిగించే క్రమం

మొదట బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీసి కొన్ని నిమిషాలు ఆగాలి. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే అది సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌ది లేదా బెల్టుని బిగించే ప్రీటెన్షనర్‌ది. కొన్ని కార్లలో సైడ్ ఎయిర్‌బ్యాగ్ సీటులోనే ఉంటుంది. అలాంటి సీటు పీకేస్తే ఆ ఎయిర్‌బ్యాగ్ కూడా పోయినట్టే. బెల్టు బకిల్ కూడా చాలా కార్లలో పాత సీటు ఫ్రేముకే ఉంటుంది, దాన్ని ఎక్కడ బిగిస్తామో ముందే తేల్చుకోవాలి.

తర్వాత కూర్చుని చూసుకోవాలి. వీపు సీటుకి ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద ఆనాలి. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండాలి. హెల్మెట్ పెట్టుకుంటే పైకప్పు తగలకూడదు. ఇవన్నీ మాకు సరిగ్గా కుదిరాయి. ఫొటోలు కూడా తీసుకున్నాం.

వదిన పట్టుకున్న తప్పు

రెండో రోజు సాయంత్రం వదిన కూర్చుని మామూలు బెల్టు పెట్టుకుంది. రోజూ బాబుని స్కూల్లో దింపేది ఆ కారులోనే. "ఏవండీ, ఈ బెల్టు నాకు తగలట్లేదేంటి?" అంది. చూస్తే నిజమే. సీటు పక్కలు ఎత్తుగా ఉన్నాయి కాబట్టి బెల్టు వాటి మీంచి వంతెనలా పోతోంది. ఆమె నడుముకీ బెల్టుకీ మధ్య నా అరచెయ్యి పట్టింది! బెల్టు తుంటి ఎముకల మీద బిగుతుగా ఉండాలి. వదులుగా పొట్ట మీద ఉంటే ఢీకొన్నప్పుడు మనిషి దాని కిందకి జారతాడు, బెల్టు పొట్టలోకి దిగుతుంది. మేమిద్దరం రెండు రోజులుగా అందులో ఎక్కి దిగుతూనే ఉన్నాం, ఒక్కసారి కూడా బెల్టు పెట్టుకుని చూడలేదు.

"అయితే హార్నెస్ పెట్టేద్దాం" అన్నాడు అన్నయ్య. అక్కడ ఇంకో చిక్కు. నాలుగు పాయింట్ల దానికి కాళ్ల మధ్య పట్టీ ఉండదు, అందుకని భుజాల పట్టీలు నడుము పట్టీని పొట్ట మీదకి లాగే ప్రమాదం ఉంది. పైగా హార్నెస్ మనిషిని నిటారుగా కట్టేస్తుంది. కారు పల్టీ కొట్టి పైకప్పు అణిగితే పక్కకి వాలే వీలుండదు, అందుకే దానితోపాటు రోల్ కేజ్ కావాలి. కేజ్ పెడితే రోడ్డు మీద హెల్మెట్ లేని తల ఆ ఇనుప పైపుకి కొట్టుకుంటుంది.

భుజాలు ఆగిపోయినా తల ఆగదు, ఆ భారమంతా మెడ మీద పడుతుంది. 2001 డేటోనా 500 చివరి ల్యాప్‌లో డేల్ ఎర్న్‌హార్ట్ పుర్రె అడుగు ఎముక విరిగి చనిపోయాడు. ఆ ఏడాది అక్టోబరులోనే నాస్కార్ తల, మెడ రక్షణ పరికరాలు తప్పనిసరి చేసింది. ఫార్ములా వన్‌లో హాన్స్ పరికరం 2003 నుంచి తప్పనిసరి.

మన కోడింగ్ భాషలో ఇది డిపెండెన్సీ గొడవ. సీటుకి హార్నెస్ కావాలి, హార్నెస్‌కి కేజ్, కేజ్‌కి హెల్మెట్, హెల్మెట్ పెట్టిన తలకి హాన్స్. ట్రాక్ కారులో అన్నీ ఇన్‌స్టాల్ అవుతాయి. బాబుని స్కూల్లో దింపే కారులో అవ్వవు.

చివరికి ఏం చేశాం?

ఆ రాత్రే పాత సీటు తిరిగి బిగించాం. నెల తర్వాత అన్నయ్య పక్కలు తక్కువ ఎత్తున్న, వెనక్కి వాలే సీటు తీసుకున్నాడు. ఈసారి షాపులోనే మామూలు బెల్టు ఎలా పడుతుందో చూశాకే డబ్బులు కట్టాడు. ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా రాసి పంపాడు. హార్నెస్ అటక మీద ఉంది.

మీలో ఎవరైనా ఇలా సీటు మార్చాలనుకుంటే ఒకటే అడుగుతున్నా. ఆ కారు నడిపే ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి, బెల్టు పెట్టించి, తుంటి దగ్గర చెయ్యి దూరుతుందేమో చూడండి. ఫొటోలు ఆ తర్వాత తీసుకోవచ్చు.