కళ్ళకు గంతలు కట్టుకుంటే ఏం తెలుస్తుంది?



వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చేది ఏదైనా రాయమని అడిగారు. "కష్టపడి చదవండి" అని రాయడం సులభం. ఆ మాట మీరు రోజూ వింటూనే ఉన్నారు. అందుకే నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాను. ఆ తప్పుకు నాకు పదికి తొమ్మిది మార్కులు వచ్చాయి.

మా అమ్మానాయన శనక్కాయల కాలంలో చేలల్లోకి, మిగతా రోజుల్లో చీనీ తోటల్లోకి కూలికి పోతారు. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. చక్రాయపేట హాస్టల్లో పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు ఎం.ఎస్.డబ్ల్యూ., అంటే సమాజ సేవకు సంబంధించిన పి.జి. చదువుతున్నాను.

అసైన్‌మెంట్ ఏమిటంటే...

"ఒక రోజంతా వికలాంగుడిలా గడపండి. మీకు కలిగిన అనుభవం నాలుగు పేజీలు రాయండి" అన్నారు. కొందరు చెవుల్లో దూది పెట్టుకున్నారు. ఒకడు కాలికి కట్టె కట్టుకుని కుంటాడు. నేను కళ్ళకు గుడ్డ కట్టి, పైన నల్ల కళ్ళద్దాలు పెట్టి, చేతికర్ర పట్టుకున్నాను. తోడుగా ఒక స్నేహితుడు వచ్చాడు.

ఉదయం గుమ్మం తగిలి మోకాలు కొట్టుకుపోయింది. అన్నం తింటుంటే చారు చొక్కా మీద పడింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. మధ్యాహ్నం కడపలో వేంపల్లె బస్సు ఎక్కాం. ఒక అవ్వ "కూర్చో నాయనా" అని లేచి తన సీటు నాకిచ్చింది. పొద్దుటినుంచి కూలిపని చేసి వస్తున్నానని, నడుము నొప్పిగా ఉందని పక్కామెతో ఆ అవ్వ చెబుతుంటే నాకు వినపడింది. నాకు కళ్ళు కనపడతాయని చెప్పలేకపోయాను. దిగేదాకా ఆమె నిలబడే ఉంది.

సాయంత్రం ఐదు గంటలకు గుడ్డ విప్పేశాను. "చూపు లేనివారి జీవితం అంతులేని చీకటి. వారిపై మనం జాలి చూపాలి" అని రిపోర్టు రాశాను. తొమ్మిది మార్కులు వచ్చాయి.

అన్న అడిగిన ప్రశ్నలు

నాకు తెలిసిన ఒక అన్న ఉన్నాడు. పుట్టుకతోనే చూపు లేదు. డిగ్రీ చదివాడు. పేరు రాయవద్దన్నాడు. ఆయనకు నా రిపోర్టు ఫోన్‌లో పంపాను. ఫోన్ చదివి వినిపిస్తే మొత్తం విన్నాడు.

"బాగా రాసినావు లే అబ్బీ. కానీ ఇది నా బతుకు కాదు, నీ భయం" అన్నాడు. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"కర్రతో నడిచేది నీకు ఎవరన్నా నేర్పించినారా? నేను నెలల తరబడి నేర్చుకున్నా. ఐదు గంటలకు గుడ్డ విప్పుతానని నీకు ముందే తెలుసు కదా? సదరం సర్టిఫికెట్ కోసం ఎన్నిసార్లు తిరిగినావు? రూము అద్దెకు అడిగితే, నీకిస్తే యాడ పడతావో అని ఎవరన్నా తలుపు వేసినారా? నాకు కష్టం చీకటి కాదప్పా. నాకు చీకటంటే ఏందో కూడా తెలీదు. నాకు కష్టం ఆ తలుపు."

నా దగ్గర జవాబు లేదు. అప్పటినుంచి ఈ విషయం మీద చదవడం మొదలుపెట్టాను.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ఏరియల్ సిల్వర్‌మన్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఇదే విషయాన్ని పరీక్షించి 2015లో ప్రచురించారు. సిల్వర్‌మన్ గారికి స్వయంగా చూపు లేదు. కళ్ళకు గంతలు కట్టుకుని పనులు చేసినవారు, ఆ తర్వాత అంధులు ఉద్యోగం చేయగలరని, సొంతంగా బతకగలరని తక్కువగా నమ్మారు. కారణం సులభంగానే అర్థమవుతుంది. గంతలు కట్టుకున్న మొదటి గంట అందరికీ తడబాటే. ఆ తడబాటునే అంధుల జీవితం మొత్తం అనుకుంటాం. ఈత రానివాణ్ణి ఒక్కసారి బావిలో తోసి, "ఈత అంటే మునగడమే" అని రాయించినట్టుంటుంది.

2017లో మిషెల్ నారియో రెడ్‌మండ్ బృందం ప్రచురించిన మరో అధ్యయనంలో, ఇలా నటించిన విద్యార్థుల్లో జాలి కాస్త పెరిగింది. దాంతోపాటు అయోమయం, సిగ్గు, నిస్సహాయత, తమకూ ఇలా అవుతుందేమో అన్న భయం కూడా పెరిగాయి. వికలాంగులతో కలిసిమెలిసి ఉండే విషయంలో మాత్రం వారి ధోరణి మెరుగుపడలేదు. అసైన్‌మెంట్ పెట్టిందే దానికోసం కదా!

మన సంగతే ఆలోచించండి

తమ్ముళ్ళారా, ఇది మనకు సంబంధం లేని విషయం అనుకోవద్దు. అంబేద్కర్ గారు చిన్నప్పుడు బడికి గోనెపట్ట తీసుకెళ్ళి, దూరంగా దానిమీద కూర్చున్నారని, కుళాయి తనంతట తాను ముట్టుకోవడానికి వీలుండేది కాదని మనం చదువుకున్నాం. రేపు ఏదో ఒక కాలేజీలో "ఒక రోజు దళితుడిలా గడిపి రండి" అని అసైన్‌మెంట్ ఇచ్చారనుకోండి. పిల్లలు ఒక రోజు గోనెపట్ట మీద కూర్చుంటారు. వారికి గోనె గరుకు తెలుస్తుంది. సాయంత్రం లేచి ఇంటికి పోయి, "పాపం, చాలా కష్టం" అని రాస్తారు. మన తాతల బతుకు అంతేనా? వారి పని, వారి పాట, వారి పోరాటం ఆ నాలుగు పేజీల్లో ఎక్కడుంటాయి? మనకు కోపం వస్తుందా, రాదా? అదే కోపం ఆ అన్నకూ వచ్చింది. నాకది అర్థం కావడానికి ఇంత దూరం రావలసి వచ్చింది.

అడ్డు కంటిలో ఉందా, రూల్లో ఉందా?

మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో 1991లో పుట్టిన శ్రీకాంత్ బొల్లా గారి కథ మీలో చాలామందికి తెలుసు. 2024లో హిందీ సినిమా కూడా వచ్చింది. పదో తరగతి తర్వాత సైన్సు చదువుతానంటే, చూపు లేనివారికి రూల్సు ఒప్పుకోవన్నారు. కోర్టుకు వెళ్ళి గెలిచి, 98 శాతం మార్కులు తెచ్చుకున్నారు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివి వచ్చి, 2012లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించారు. ఆయన చూపు ముందూ తర్వాతా ఒకటే. మారింది రూలు. గంతలు కట్టుకున్నవాడికి ఈ రూలు కనపడదు. తన మోకాలి దెబ్బ మాత్రమే కనపడుతుంది.

అయితే అనుభవంతో నేర్చుకోవడమే తప్పా?

కాదు. 1988లో జర్మనీలో ఆండ్రియాస్ హైనెకె "డయలాగ్ ఇన్ ది డార్క్" అనే ప్రదర్శన మొదలుపెట్టారు. 2011లో హైదరాబాదు ఇనార్బిట్ మాల్‌కు కూడా అది వచ్చింది. అక్కడ పూర్తి చీకట్లో మనకు దారి చూపేది చూపు లేని గైడే. ఆయనకు దారి తెలుసు, మనకు తెలియదు. అందువల్ల బయటికొచ్చేవాడు ఆయన నేర్పు చూసి వస్తాడు. నా అసైన్‌మెంట్‌లో చూపు లేనివారు ఒక్కరూ లేరు. వారి గురించి వారు లేకుండానే పాఠం జరిగింది. "మా గురించి, మేము లేకుండా, ఏదీ వద్దు" అన్నది ప్రపంచమంతా వికలాంగుల ఉద్యమం చెప్పిన మాట.

మా సార్ ఉద్దేశం మంచిదే. నేను వెళ్ళి ఇవన్నీ చెబితే శాంతంగా విన్నారు. "అయితే బదులు ఏం పెట్టాలో రాసుకుని రా" అన్నారు. రాసిచ్చినవి ఇవి. మన హాస్టల్లో, బడిలో కూడా చేయవచ్చు.

1. నటించవద్దు, కొలవండి. టేపు తీసుకుని హాస్టల్ అంతా తిరగండి. గుమ్మం దగ్గర ఎన్ని మెట్లున్నాయి? వాలుదారి 1:12 ఉండాలి, అంటే ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. చక్రాల కుర్చీ పోవాలంటే తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు ఉండాలి. మరుగుదొడ్డి తలుపు ఎంత ఉంది?

2. వారినే గురువుగా పిలవండి. వచ్చినవారికి దారి ఖర్చు, గౌరవ పారితోషికం ఇవ్వండి. "మీ కష్టం చెప్పండి" అనకుండా "మీరు ఎలా చేస్తారో నేర్పండి" అని అడగండి.

3. ఒక విద్య నేర్చుకోండి. లూయీ బ్రెయిలీ 1829లో, ఇరవై ఏళ్ళ వయసులో ప్రచురించిన లిపిలో ఉన్నవి ఆరు చుక్కలే. వాటితో 63 గుర్తులు వస్తాయి. భారతీయ సంజ్ఞా భాషకు 2021 నాటికి 10,000 పదాల నిఘంటువు తయారైంది.

4. చట్టం తెలుసుకోండి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండగా ఇందులో 21 ఉన్నాయి. 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, ఉన్నత విద్యలో 5 శాతం రిజర్వేషన్ ఉంది. నలుగురిలో కావాలని అవమానిస్తే 6 నెలల నుండి 5 ఏళ్ళ వరకు శిక్ష. మీ ఊళ్ళో సదరం సర్టిఫికెట్ లేని పిల్లవాడు ఉంటే, ఆ ఫారం నింపిపెట్టడం నా నాలుగు పేజీల కంటే గొప్ప పని.

5. ఎవరినీ మోసం చేయవద్దు. తెలియనివారి నుండి సాయం పొందే నటన అస్సలు వద్దు.

ఈ ఐదో మాట రాసేటప్పుడు నాకు ఆ అవ్వ గుర్తొచ్చింది. ఆమె మా అమ్మలాగే కూలికి పోయి వస్తున్న మనిషి. నా మార్కుల కోసం ఆమె నిలబడింది. ఆమె ఎవరో నాకు తెలియదు, క్షమాపణ చెప్పుకోవడానికి. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తమ్ముళ్ళారా, రేపు మీరూ టీచర్లవుతారు, ఆఫీసర్లవుతారు. ఎదుటివాడి బతుకు తెలుసుకోవాలనుకుంటే వాడి వేషం వేయకండి. వాడి పక్కన కూర్చుని అడగండి. చెప్పింది నమ్మండి. ఆ తర్వాత, ఆ మూసిన తలుపు తెరవడానికి ఒక చేయి వేయండి.

ఇట్లు,
మీ హాస్టల్ పూర్వ విద్యార్థి