మూసీలో పడవ వెనక ఎర లాగాలంటే

ప్రశ్న: అమెరికాలో పడవ వెనక ప్లాస్టిక్ చేప ఎరలు లాగుతూ క్రాపీ చేపలు పడతారట. మన మూసీ ప్రాజెక్టులో కొర్రమట్టను అలా పట్టొచ్చా?
– ఒక పాఠకుడు, కేతేపల్లి

జవాబు: కొర్రమట్టకు ఈ పద్ధతి వద్దండి. అది నాచు, తుంగ ఉన్న ఒడ్డు నీళ్లలో మాటేసి ఉంటుంది. లాగే ఎర గాలాలు అక్కడే చిక్కుకుంటాయి. లోతు నీళ్లలో వేటాడే వాలుగకైతే నప్పుతుంది.

పుట్టి పనికిరాదు. అది తిరిగిపోతుంటే దారాలు పెనవేసుకుంటాయి. ముక్కున్న పడవ కావాలి. మొదట రెండు గాలపు కడ్డీలు చాలు, చెరో పక్కకు వాల్చి గట్టిగా బిగించండి. వేగం గంటకు 3 కిలోమీటర్లు, అంటే తీరిగ్గా నడిచినంత. దారం ఎక్కువ వదిలేకొద్దీ ఎర కొంతవరకు లోతుకు దిగుతుంది. అందుకే దారం మీద 10 మీటర్లకో గుర్తు పెట్టుకోండి, చేప తగిలిన పొడవే మళ్లీ వదలండి. అన్నిటికంటే ముఖ్యం కడ్డీ కొస. అది సన్నగా వణుకుతుంటే ఎర ఆడుతున్నట్టు. వణుకు ఆగితే నాచు పట్టినట్టే, దారం చుట్టి ఎరను శుభ్రం చేయండి.

దిగేముందు మీ ఊరి మత్స్య సహకార సంఘాన్ని అడగండి. మీ గాలాలకు వాళ్ల వలలు తెగితే పోయేది వాళ్ల కూడు. లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కకండి. ప్రాజెక్టు గేట్లు ఎత్తిన రోజు పడవ అసలు దింపకండి.