స్లాత్ రక్తానికి కొలమానం ఏది?

రక్తపరీక్ష కాగితం చేతికందగానే మన అంకెతోపాటు దాని ప్రక్కనున్న మామూలు హద్దులను కూడా చూస్తాము. ఆరోగ్యవంతుల విలువలను వరుసగా పేర్చి, రెండు చివరలా రెండున్నర శాతం చొప్పున తీసివేయగా మిగిలిన 95 శాతమే ఆ హద్దు. దీనికి కనీసం 120 మంది ఉండడం మేలంటారు.

ఆ రక్తం స్లాత్‌దైతే?

మధ్య, దక్షిణ అమెరికాలలో కొమ్మలకు తలక్రిందులుగా వేలాడే ఈ జంతువు మన దేశంలో లేదు. (1791లో జార్జ్ షా అనే శాస్త్రజ్ఞుడు మన ఎలుగుబంటిని స్లాత్ జాతిలో చేర్చాడు. అందుకే ఇంగ్లీషులో అది నేటికీ స్లాత్ బేర్!) 2021లో స్లాత్‌ను జాతీయ చిహ్నంగా ప్రకటించిన కోస్టారికాలో అది ఊళ్ళలోని చెట్లపై కూడా నివసిస్తున్నది. కొమ్మ అనుకొని కరెంటు తీగ పట్టుకుంటుంది. నేలకు దిగితే కుక్కల పాలవుతుంది.

జబ్బుపడిన కుక్క చురుకు తగ్గితే ఇట్టే తెలుస్తుంది. మందగమనమే స్వభావమైన స్లాత్‌లో అదెలా తెలియాలి? రక్తమే చెప్పాలి. విద్యుద్ఘాతానికి కండరాలు చితికితే క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైము రక్తంలో పెరుగుతుంది. ఒంట్లో నీరు తగ్గితే ఎర్రకణాల పాలు హెచ్చుతుంది. మూత్రపిండాలు దెబ్బతింటే యూరియా పేరుకుంటుంది.

అయితే హెచ్చు, తగ్గు అన్నది దేనితో పోల్చి? ఆకులు తిని, అతి తక్కువ శక్తితో బ్రతికే ఈ ప్రాణికి కుక్క లెక్కలు పనికిరావు. జంతుప్రదర్శనశాలలోని స్లాత్ తిండి వేరు. రెండు గోళ్ళవి, మూడు గోళ్ళవి ఏనాడో విడిపోయిన దూరపు చుట్టాలు కనుక వాటికి కూడా వేర్వేరు పట్టికలు కావాలి. పట్టుకొన్నప్పటి భయానికి చక్కెర, తెల్లకణాలు పెరగవచ్చు. మత్తుమందుకు ఎర్రకణాల పాలు తగ్గవచ్చు. ఇవి కూడా వ్రాసి ఉంచకపోతే పట్టిక తప్పుదారి పట్టిస్తుంది.

అసలు చిక్కు ఇంకొకటున్నది. ఊరి స్లాత్‌లన్నింటికీ కొద్దిపాటి నీటికొరత ఉన్నదనుకొందాము. వాటినే కొలిచి హద్దులు గీస్తే ఆ కొరతే మామూలుగా నమోదవుతుంది, జబ్బు కనబడదు. అడవి హద్దులతోనే కొలిస్తే, ఊరి తిండికి అలవాటుపడిన ఆరోగ్యవంతమైన జంతువు సైతం రోగిగా తేలవచ్చు. కనుక రెండు పట్టికలూ ప్రక్కప్రక్కన ఉండవలెను. బరువును, పరాన్నజీవులను కూడా చూడవలెను.

పైగా, ఒకదానితో ఒకటి సంబంధంలేని ఇరవై పరీక్షలు చేస్తే, పూర్తి ఆరోగ్యవంతునికి కూడా కనీసం ఒక అంకె హద్దు దాటే అవకాశం 64 శాతం. మూడు గోళ్ళ స్లాత్‌కు బోను సరిపడదు. ఒక్క అంకె కోసం దానిని వారాలపాటు బంధించేకంటే మరొకమారు రక్తం తీసి చూడడం మేలు.